మేము అననే లేదు

"ఈ ఎన్నికల్లో ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనరాదు!"

ఎన్నికల అధికారి ఈ ప్రకటన చేసినప్పుడు హాల్లో ఫ్యాన్లు తిరగడం లేదు. అందువల్ల ప్రతి అక్షరమూ అందరికీ స్పష్టంగా వినబడింది. ఇంత మర్యాదగల వార్డు ఎన్నిక చరిత్రలో ఇంతకుముందు జరగలేదు, ఇకముందు జరగబోదు అన్నాడాయన. తిట్టిన అభ్యర్థి పోటీ రద్దు. తిట్టు తిన్నవాళ్లు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చుకోవాలి. అందులో ఆ తిట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ప్రతి ఫిర్యాదునూ రోజూ పదకొండు గంటలకు ఆఫీసు మైకులో చదివి, నోటీసు బోర్డుకి అంటిస్తారు.

"తిట్టుతో సహా చదువుతారా సార్?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"మరి? ప్రజల దగ్గర దాపరికమేమిటయ్యా!"

ఆఫీసు డాబా మీద నాలుగు దిక్కులకీ నాలుగు లౌడ్‌స్పీకర్లున్నాయి. వార్డులో వినబడని ఇల్లు లేదు. ఈ సంగతి ఆ హాల్లో అధికారికి తప్ప అందరికీ ఒకేసారి తట్టింది.

తలుపు పార్టీ అభ్యర్థి లేచి కిటికీ పార్టీ అభ్యర్థిని కౌగిలించుకున్నాడు. వాళ్లిద్దరూ తోడల్లుళ్లు. ఆదివారం వస్తే ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా ఒకరి గుట్టు ఒకరు బయటపెడతామని బెదిరించుకుంటారు. పదేళ్లుగా వార్డు వాళ్లిద్దరి మధ్యే అటూ ఇటూ మారుతోంది. కౌగిలి అయ్యాక ఇద్దరూ మర్యాద ఒప్పందం మీద సంతకాలు పెట్టి, ఆఫీసు మెట్ల కిందికి వచ్చారు. ఒకరు అప్పుడే, ఒకరు మర్నాడు.

మెట్ల కింద టైపు మాస్టారు కూర్చుంటాడు. ఒక బల్ల, ఒక పాత టైపు మిషను, అర్జీదారు కూర్చోడానికి ఒక స్టూలు. ఇరవై ఏళ్లుగా ఆ ఆఫీసులోకి వెళ్లే కాగితాల్లో సగం ఆయన వేళ్ల మీదుగానే వెళ్లాయి. వృత్తిలో ఆయనకి రెండు నియమాలు. వచ్చిన అర్జీ కాదనకూడదు, చెప్పిన మాట మార్చకూడదు. ఒక బలహీనత కూడా ఉంది. వినేవాడు దొరికితే, తోచిన ఉపాయం కడుపులో దాచుకోలేడు.

"వాణ్ని ఒక్క మాట అనకుండా ఎలా గెలవాలి మాస్టారూ?" అన్నాడు తలుపు పార్టీ అభ్యర్థి, స్టూలు మీద కూలబడి.

"అనకండి."

"అనకపోతే జనానికెలా తెలుస్తుంది?"

"మీరు అన్నారని ఎవరో పుకారు పుట్టించారని ఫిర్యాదు ఇవ్వండి. అనలేదని ఖండించండి. ఏది అనలేదో అక్షరం పొల్లుపోకుండా రాయాలి కదా, రూలు ప్రకారం."

అభ్యర్థి స్టూలు ముందుకి జరుపుకున్నాడు. మర్నాడు పదకొండు గంటలకు అధికారి గొంతు సవరించుకుని చదివాడు:

"కిటికీ పార్టీ అభ్యర్థి వీధి దీపాల బల్బులు పట్టుకెళ్లి తన మేడ మీద పెట్టుకున్నాడని మేము అన్నట్టు కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. ఆయన మేడ మీద ఇరవై రెండు బల్బులున్నాయని మేము అననే లేదు. మెట్ల దగ్గర మరో మూడు ఉన్నాయని అసలే అనలేదు. ఈ నీచమైన ప్రచారాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాము."

పదకొండూ ఇరవైకి కిటికీ పార్టీ అభ్యర్థి మెట్ల కింద ఉన్నాడు.

"ఎవరు రాశారు మాస్టారూ అది?"

"నేనేనండీ."

"బాగుంది. నాకింకా గట్టిది కావాలి."

ఆ మర్నాడు వార్డు మొత్తం ఇది విన్నది: "పార్కులో ఉండాల్సిన సిమెంటు బెంచీలు నాలుగు తలుపు పార్టీ అభ్యర్థి పెరట్లో ఉన్నాయని మేము అననే లేదు. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక మేము నడుం వాల్చేది వాటిలో రెండో బెంచీ మీదేనని కూడా మేము ఎక్కడా అనలేదు."

ఇంక చెప్పేదేముంది! పదకొండయ్యేసరికి వార్డులో పనులు ఆగిపోయేవి. సెలూన్‌లో సగం గడ్డం గీయించుకున్న పెద్దమనుషులు నురగతోనే వీధిలోకి వచ్చి నిలబడేవారు. ఎక్కడా ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు. అనని మాటలే రోజుకి పది, పదిహేను పేజీలు వస్తున్నాయి. మర్యాద ఇంత బాగా సాగుతున్నందుకు అధికారికి గొంతు బొంగురుపోయింది.

టైపు మాస్టారికి గర్వంగానే ఉండేది, ఇంటికి వెళ్లేదాకా.

ఎందుకంటే ఈ ఎన్నికల్లో మూడో అభ్యర్థి కూడా ఉంది. ఆవిడ ఆయన భార్యే. వార్డులో అందరూ టైలరమ్మ అంటారు. గుర్తు కత్తెర. ఆవిడ నిలబడటానికి కారణం ఒక వంతెన.

వార్డు మధ్యలో కాలువ ఉంది. దాని మీద నడక వంతెన ఇటు సగం తలుపు పార్టీ హయాంలో కట్టారు, అటు సగం కిటికీ పార్టీ హయాంలో కట్టారు. ఆ రెండు సగాలూ కలిసే చోట మూడడుగుల మేర కూలిపోయి, రెండేళ్లుగా ఒక చెక్క పరిచి ఉంది. రెండు వైపులా ఉన్న శిలాఫలకాలు మాత్రం చెక్కు చెదరలేదు. అవతలి ఒడ్డున ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది టైలరమ్మ తల్లి, అంటే మాస్టారి అత్తగారు. ఒక వానరోజు ఆ చెక్క జారి ఆవిడ కాలువలో పడింది. పిండికట్టు ఆరువారాలు. ఇప్పటికీ కుడికాలు ఈడుస్తూనే నడుస్తుంది. తల్లిని మంచం మీద పడుకోబెట్టిన రోజునే టైలరమ్మ, నోట్లో సూది తీయకుండానే, ఈసారి నేను నిలబడతాను అంది.

ఆవిడ ప్రచారం మొత్తం ఒకటే మాట. ఇంటింటికీ వెళ్లి, "కాలువ మీద వంతెన విరిగింది. నన్ను గెలిపిస్తే బాగు చేయిస్తాను," అనేది. ఎవరూ పట్టించుకోలేదు. అందులో బల్బులు లేవు, బెంచీలు లేవు.

"ఏవండీ, ఇవాళ కూడా మైకులో నా ఊసు లేదు," అంది అన్నం వడ్డిస్తూ.

"నిన్నెవరూ తిట్టలేదుగా."

"అదే నేననేది. తిట్టించుకునే యోగ్యత కూడా లేదా నాకు?"

"నేను తిడతాను, రాయించుకోవే," అంది అత్తగారు కాలికి తైలం రాసుకుంటూ.

"నువ్వు తిడితే లెక్కలోకి రాదమ్మా. పుట్టినప్పట్నుంచీ తిడుతూనే ఉన్నావు."

మాస్టారు ముద్ద మింగి, మెల్లగా, "నేనొకటి రాయనా? నువ్వు ఏమీ అనలేదని..." అన్నాడు.

"వద్దు." టైలరమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఉన్నదున్నట్టు చెబుతాను. ఓడిపోతే పోయాను. ఆ బురదలో నేనూ దిగితే వాళ్లకీ నాకూ తేడా ఏముంది?"

ఆ మాటకి మాస్టారి మనసు నిండిపోయింది. తన చేతులు రోజంతా ఏ బురదలో ఉన్నాయో గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

కానీ వార్డులో ఆడవాళ్లందరి కొలతలూ టైలరమ్మ దగ్గరే ఉన్నాయి. జాకెట్టు ఇవ్వడానికొచ్చిన ప్రతివాళ్లూ వంతెన సంగతి విని, ఇంటికెళ్లి మొగుళ్లకి చెప్పారు. పోలింగు వారం ఉందనగా తోడల్లుళ్లిద్దరూ కలిసి మెట్ల కిందికి వచ్చారు. స్టూలు ఒకటే. చెరో సగం సర్దుకున్నారు.

"ఉమ్మడి ఫిర్యాదు మాస్టారూ," అన్నాడు తలుపు. "ఏమీ అనుకోకండి, మీ ఇంటావిడ మీద. నెగెటివ్ ప్రచారం చేస్తోంది."

"ఏమందండీ?"

"వంతెన విరిగిందంది," అన్నాడు కిటికీ.

"విరిగిందిగా."

"విరిగితే అనేయడమేనా? మేమిద్దరం ఇన్ని పేజీలు రాయించాం, ఒక్కటైనా అన్నామా? ఈవిడ తిన్నగా అనేస్తోంది! దీనికన్నా నెగెటివ్ ఇంకేముంటుంది?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు పెద్దలు. మాస్టారి వేళ్లు మిషను మీద ఆగిపోయాయి. ఈ ఫిర్యాదు నిలబడితే భార్య పోటీ రద్దు. రాయనంటే ఇరవై ఏళ్ల నియమం పోతుంది. భయంగానే ఉంది ఆయనకి. అయినా కాగితం ఎక్కించి, "చెప్పండి. అక్షరం పొల్లుపోకుండా రాస్తాను," అన్నాడు.

చెప్పారు. ఆవిడ మాట చెప్పారు. ఆ మాట తమకెందుకు తగిలిందో వివరంగా చెప్పారు. ఇటు సగం ఎవరు కట్టారో, అటు సగం ఎవరు కట్టారో, ఎవరి శిలాఫలకం పెద్దదో పోటీలుపడి చెప్పారు. మాస్టారు ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు.

అధికారి అది చదివాడు. విచారణ మూడు రోజులు వాయిదా పడింది కాబట్టి, రూలు ప్రకారం మూడు రోజులూ చదివాడు. "వంతెన విరిగింది, నన్ను గెలిపిస్తే బాగు చేయిస్తాను," అని సర్కారు గొంతు నాలుగు దిక్కులా మోగింది. నాలుగో రోజు టైలరమ్మని పిలిచి అడిగాడు.

"ఈ మాట మీరన్నారా?"

"అన్నాను."

నెల రోజుల్లో ఒక మాట అన్నట్టు ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడే. అధికారి రూళ్ల పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. తిట్టింది మనిషిని అయి ఉండాలని ఉంది. వంతెన మనిషి కాదు, ఓటరు అంతకన్నా కాదు. తనను కించపరిచారని వంతెన స్వయంగా వచ్చి ఫిర్యాదు చేస్తే అప్పుడు చూద్దామని కేసు కొట్టేశాడు.

టైలరమ్మ గెలిచింది. తోడల్లుళ్లిద్దరికీ వచ్చిన ఓట్లు కలిపినా ఆవిడ ఓట్లలో సగం లేవు.

అధికారి ఎన్నికల డ్యూటీ ముగించుకుని, తన అసలు కుర్చీలోకి, కౌన్సిలు కార్యదర్శిగా, వెళ్లిపోయాడు. వెళుతూ మైకునీ రూలునీ కూడా వెంట తీసుకెళ్లాడు. ఇకనుంచి కౌన్సిలుకి వచ్చే ఫిర్యాదులు కూడా పదకొండు గంటలకు చదవాలన్నాడు.

మొదటి నెల టైలరమ్మ వంతెన గురించి కౌన్సిల్లో గట్టిగా అడిగింది. రెండో నెల అడిగింది. మూడో నెల ఆవిడకి గదీ, గదిలో తిరిగే కుర్చీ ఇచ్చారు. నాలుగో నెల ఆవిడ "వంతెన పరిశీలనలో ఉంది," అంది. ఐదో నెల, "మరమ్మతు మొదటి దశ ఆలోచన పూర్తయింది," అంది. మాస్టారు ఇంట్లో ఒకసారి కదిపి చూశాడు.

"మీకు తెలియదండీ, లోపల ఎన్ని ఉంటాయో," అంది. ఆ మాట ఆయన మెట్ల కింద ఇరవై ఏళ్లుగా వింటున్నాడు. ఇంట్లో వినడం అదే మొదలు, వినగానే దిగులేసింది.

ఆరో నెలలో ఒక ఉదయం, ముంగిట్లో అర్జీలు పట్టుకుని పాతికమంది ఉన్నారు. అత్తగారు పనికి బయల్దేరుతూ వాళ్ల మధ్యలోనే ఆగింది.

"ఏమే, వంతెన ఇంకా విరిగే ఉంది. నిన్న మళ్లీ జారబోయాను."

టైలరమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అమ్మా, నలుగురిలో అలా మాట్లాడకు. నెగెటివ్‌గా ఉంటుంది."

అత్తగారు కూతుర్ని తేరిపార చూసింది. ఆ ముసలి ముఖంలో కోపం కన్నా నొప్పి ఎక్కువ కనిపించింది మాస్టారికి. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య," అనుకుంటూ, కాలీడ్చుకుంటూ బయటికి నడిచింది.

కాలువ వైపు వెళ్లలేదు. తిన్నగా ఆఫీసు మెట్ల కిందికి వచ్చి, తనకన్నా ముందే చేరి బల్ల సర్దుకుంటున్న అల్లుడి ఎదుట స్టూలు మీద కూర్చుంది.

"అల్లుడుగారూ, ఫిర్యాదు రాయాలి."

"ఎవరి మీదండీ అత్తయ్యగారూ?" అన్నాడు మాస్టారు, తెలిసి కూడా.

"ఎవరి మీదా కాదు. నా కూతుర్ని ఎవరో ఆడిపోసుకుంటున్నారు. తల్లిని, ఊరుకోగలనా?" చీర కొంగు సర్దుకుంది. "మీ పద్ధతిలోనే రాయండి. నేనేమీ అననే లేదని."

మాస్టారు కాగితం ఎక్కించాడు. ఒక్క క్షణం, ఇవాళ ఇంట్లో తన కంచంలోకి అన్నం వస్తుందా రాదా అని ఆలోచించాడు. తర్వాత అత్తగారి కాలు చూశాడు. వచ్చిన అర్జీ కాదనకూడదు.

పదకొండు గంటలకు కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. మేడ మీది గదిలో, తిరిగే కుర్చీలో, టైలరమ్మ వింది.

"మా అమ్మాయి ఏలుబడిలో వంతెన విరిగే ఉందని ఎవరో దుష్ప్రచారం చేస్తున్నారు. ఆ మాట నేను అననే లేదు. ఆరు నెలల్లో అక్కడ ఒక్క ఇటుక కూడా పడలేదని అసలే అనలేదు. మా అమ్మాయి మాటంటే మాటే. ఈ నింద పచ్చి అబద్ధమని నిరూపించడానికి, రేపు పొద్దున పది గంటలకు వార్డు ప్రజలందరి ఎదుటా, మధ్యలో ఉన్న చెక్క తీసేయించి, మా అమ్మాయి ఆ వంతెన మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడిచి చూపిస్తుంది. అందరూ రావాలి. ఇట్లు, తల్లి."

మర్నాడు ఆరింటికే వంతెన దగ్గర ఎనిమిదిమంది మేస్త్రీలు దిగారు. ఇనప ఊచలొచ్చాయి, కంకరొచ్చింది. టైలరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని అక్కడే నిలబడింది. పది గంటల నడక వారం రోజులు వాయిదా పడిందని జనానికి చెప్పింది. వంతెన మొదట్నుంచీ దృఢంగానే ఉందని, ఇదంతా గిట్టనివాళ్ల ప్రచారమని కూడా చెప్పింది. చెబుతూనే మేస్త్రీ వైపు తిరిగి, ఆ మధ్యలో ఇంకో రెండు బస్తాల సిమెంటు ఎక్కువ వేయమంది.