కొండవీటి ప్రభువుల పొట్టుపొయ్యి

"నిప్పును కనిపెట్టిన మహానుభావుడెవరో లోకానికి తెలియదు గానీ, దాన్ని రేకుడబ్బాలో కూర్చోబెట్టి బుద్ధి నేర్పింది మాత్రం మా వంశమే!"

ఇది 1944 వేసవిలో, నరసరావుపేట శ్రీ త్రికోటేశ్వర పొయ్యిల కర్మాగారం యజమాని త్రికోటేశ్వరరావుగారు చేసిన ప్రకటన. విన్నవాళ్ళు ఇద్దరే. రాళ్ళు చెక్కే కృపాదానం శ్రద్ధగా తలూపాడు, ఎందుకంటే ఆ మాటలన్నీ రాతి మీద చెక్కాల్సింది అతనే. త్రికోటేశ్వరరావు భార్య అనసూయ మాత్రం తలూపలేదు. ఆ వంశం నిన్నమొన్నటిదాకా మిరపకాయల దళారీ చేసుకుంటూ తుమ్ముతూ బతికిందని ఆమె పుట్టింటివాళ్ళు పెళ్ళికి ముందే వాకబు చేసుకున్నారు.

ఇంతకీ ఉన్నట్టుండి వంశానికి చరిత్ర ఎందుకు కావలసివచ్చిందంటే, యుద్ధం వల్ల. ఇనప రేకులన్నీ సర్కారు కంట్రోలులోకి వెళ్ళిపోయాయి. యుద్ధానికి ముందు నుంచి నడుస్తున్న ఫ్యాక్టరీలకే ఇక రేకుల పర్మిట్ అన్నారు. మన కర్మాగారం పుట్టి రెండేళ్ళు. భవనమా, మామగారి గేదెల కొట్టం. ఉన్న రేకు నెలరోజులకు మించి రాదు. ఆ తరువాత తాళం వేసుకుని, మామగారి కొట్లో మిరపకాయ బస్తాలు కుట్టుకోవడమే. ఆ తలంపు వస్తే చాలు, త్రికోటేశ్వరరావుకు ముక్కు దురద పెట్టేది.

మామూలు మనిషైతే ఫ్యాక్టరీ పుట్టినరోజును ఓ నాలుగేళ్ళు వెనక్కి జరిపి ఊరుకునేవాడు. ఈయన ఏకంగా ఐదువందల ఏళ్ళు జరిపాడు! అబద్ధమాడితే గోడ కట్టినట్టుండాలన్నారు పెద్దలు. ఈయన పెద్దల మాట జవదాటే రకం కాదు కనుక నిజంగానే గోడ కట్టించాడు. కొట్టం ముందు పెద్ద ఆర్చీ లేపించాడు. పిడుగురాళ్ల నుంచి రాయి తెప్పించి, "కొండవీటి ప్రభువుల వంటశాలకు పొయ్యిలు సమర్పించిన వంశము" అని చెక్కించి, పాతబడటానికి పదిరోజులు పేడగుంటలో పాతిపెట్టించాడు. పైకి తీస్తే రాయి చక్కగా పాతబడింది. వాసన కూడా పాతబడింది. దాన్ని ఆర్చీ నెత్తిన కూర్చోబెట్టారు. సాయంత్రం కాగానే మామగారి గేదెలు మాత్రం అలవాటు కొద్దీ ఆ ఆర్చీ కింద వచ్చి నిలబడేవి. వాటికి చరిత్ర తెలియదు పాపం.

గుంటూరు నుంచి కంట్రోలు ఆఫీసరు అబ్దుల్ జబ్బార్ గారు రానే వచ్చారు. త్రికోటేశ్వరరావు అరగంటసేపు రాజులను, రాణులను, వాళ్ళ వంటవాళ్ళను వర్ణించాడు. ఆఫీసరు ఓపిగ్గా విని, ఆర్చీ మీది రాయి వైపు ముక్కెత్తి ఒకసారి వాసన చూసి, కళ్ళజోడు తుడుచుకున్నారు. తనకు కొండవీటితో పనిలేదనీ, ముప్పై తొమ్మిదికి ముందు ఒక్కరోజు చూపిస్తే చాలుననీ చెప్పారు.

"ఒక్కరోజేంది సార్, ఐదు తరాల నుంచి మా ఇంట్లో ఈ పొయ్యి మీదే వంట," అనేశాడు త్రికోటేశ్వరరావు.

"అయితే ఇంటికే పదండి. ఆ పాత పొయ్యి మీద కాచిన కాఫీ తాగి సంతకం పెడతాను."

ఊరంతా త్రికోటేశ్వరరావు పొట్టుపొయ్యి మీద వండుకుంటోంది గానీ, ఆయన ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు! తల్లి ఆదిలక్ష్మమ్మగారిది మడి వంట. రోజూ పొద్దున్నే అలికి ముగ్గుపెట్టిన మట్టిపొయ్యి తప్ప ఆవిడ మరోదాన్ని ఎరగదు. ఫ్యాక్టరీలో పొయ్యిలు చేసేది ఊరవతలి పేటలోని మార్తమ్మ. ఆ చేతులు సాగగొట్టిన రేకు వంటింటి గడప తొక్కితే తాను అన్నం ముట్టనని ఆదిలక్ష్మమ్మగారు ఏనాడో శపథం చేసింది.

త్రికోటేశ్వరరావు సందుదారిన ముందే ఇంటికి పరుగెత్తి, తల్లి కాళ్ళావేళ్ళా పడి, పొయ్యిని పెరట్లో బావి దగ్గరిదాకా తేవడానికి అనుమతి సంపాదించాడు. మార్తమ్మ ఒక పొయ్యికి మసి పూసి నెత్తిన పెట్టుకొచ్చి, దించి, పెరటి గుమ్మం అవతల నిలబడింది. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నారు.

పొట్టుపొయ్యి సంగతి తెలిసిందే. నడుమ కర్ర నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దిమ్మిస కొట్టినట్టు కూరి, కర్ర పైకి లాగేసి, ఆ బొక్కలోంచి గాలి ఆడేట్టు కిందనుంచి ముట్టించాలి. పేటలో ఏ పిల్లనడిగినా చెబుతుంది. ఐదు శతాబ్దాల చరిత్ర రాయించినవాడికి మాత్రం తెలియదు! ఆయన పొట్టు కూరాడు. కర్రను జెండా కర్రలా అలాగే ఉంచి ముట్టించాడు. ఇక చూడండి పొగ! ముందు బావి కనబడకుండా పోయింది, తరువాత ఆఫీసరు కనబడకుండా పోయారు. పక్కింటివాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. అనసూయ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకోలేక స్తంభం చాటుకు పోయింది.

మార్తమ్మ ఇక చూడలేకపోయింది. "ముందు కర్ర తియ్యాల బాబూ," అంటూ వచ్చి, ఉన్న పొట్టంతా గుమ్మరించి, మళ్ళీ కూరి, కర్ర లాగి ముట్టించింది. రెండు నిమిషాల్లో మంట బుద్ధిగా లేచింది. కాఫీ కాగింది.

ఈ పని ఎన్నాళ్ళ నుంచని ఆఫీసరు కళ్ళు తుడుచుకుంటూ అడిగారు.

"ముప్పై ఆరులో నూనెడబ్బాతో మొదటిది చేశానండి. మిషను ఆస్పత్రి వంటకు ఎనిమిది చేసిచ్చా. అప్పుడు డాక్టరు దొరసాని రాసిచ్చిన చీటీ నా బైబిల్లో ఉంది. ఈ బాబు నా దగ్గర చూశాకే కొట్టం తెరిచారు."

ఆఫీసరు కాగితం తీశారు. యుద్ధానికి ముందరి ఫ్యాక్టరీ దొరికింది, ఇక పేరే రాయాలి. త్రికోటేశ్వరరావు మెరుపులా లేచాడు. మార్తమ్మ తమ కుటుంబంలో మనిషేనని, సొంత చెల్లెలికంటే ఎక్కువని, పర్మిట్ తమ కుటుంబం పేరునే రాయమని పొగ కన్నీళ్ళతో వేడుకున్నాడు.

"సంతోషం. కాఫీలో చక్కెర లేదు. మీ చెల్లెల్ని వంటింట్లోకి వెళ్ళి ఒక చెంచా తెమ్మనండి," అన్నారు ఆఫీసరు.

ఆదిలక్ష్మమ్మగారు వంటింటి గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది. అమ్మా, ఒక్క చెంచాయే కదా అని కొడుకు గొణిగాడు. ఇక ఎనిమిది రోజుల రేకే మిగిలిందని గుర్తుచేశాడు. మిరపకాయల సంగతీ గుర్తుచేశాడు.

"ఫ్యాక్టరీ పోతే పోయిందిలేరా. దాన్ని మాత్రం గడప తొక్కనియ్యను."

ఆఫీసరు చక్కెర లేకుండానే కాఫీ తాగి, నింపాదిగా రాశారు: మార్తమ్మ పొయ్యిల కర్మాగారం, స్థాపితం 1936, భవనం తాటాకు పందిరి.

తొమ్మిదోరోజు పొద్దున త్రికోటేశ్వరరావు పేటలోని ఆ పందిరి ముందు నిలబడి, ఉత్తరీయం నలుపుతూ, ఏదైనా పని ఉంటే చెప్పమని అడిగాడు. మార్తమ్మ సుత్తి పక్కన పెట్టి, ఆయన కూర్చోవడానికి పీట వాల్చింది.

"రండి బాబూ, నేర్పుతా. రేపట్నుంచి మంచినీళ్ళకి గ్లాసు మాత్రం మీ ఇంటికాడ నుంచే తెచ్చుకోండి."