సిగ్నే రైఫిల్‌కు కొత్త రంగు

గురువారం ఉదయం కాఫీ తాగుతూ వెర్నన్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. శనివారం తెల్లారితే జింకల వేట మొదలు. అమెరికాలో ఉత్తర విస్కాన్సిన్‌లోని ఆ ఊళ్ళో ఆ రోజున ఎవరూ పెళ్ళి ముహూర్తం కూడా పెట్టుకోరు. అలాంటిది ఈ ఏడు వేటకు రానని మామగారు ఐనార్ తేల్చి చెప్పేశారు. ఏప్రిల్‌లో భార్య సిగ్నే పోయినప్పటి నుంచి ఆయన పాలు తెచ్చుకోవడానికి తప్ప గేటు దాటలేదు. ఊరి పక్క అడవికి నలభై ఏళ్ళు ఇద్దరూ కలిసే వేటకు వెళ్ళారు.

సిగ్నే రైఫిల్ ఆయన బీరువాలో దుమ్ము పట్టి ఉంది. "శుభ్రం చేసి తెస్తాను మామయ్యా" అని వెర్నన్ అడిగితే "తీసుకెళ్ళు" అన్నారు. శుభ్రం అంటే గొట్టం తుడవడమని ఆయన అనుకున్నారు. వెర్నన్ ఇంకాస్త పెద్దగా ఆలోచించాడు. చెక్క మీది పాత రంగు తీసేసి, కొత్త రంగు వేసి, మెరిపించి చేతిలో పెడితే ముసలాయన కాదనలేరు.

"శనివారం మీ నాన్నని మంచె ఎక్కిస్తాను, చూస్తూ ఉండు" అన్నాడు భార్యతో.

"పనిమంతుడు పందిరేస్తే పిచ్చుకలొచ్చి పడగొట్టాయట" అంది మార్లిస్. "నువ్వు చేసిన కుర్చీ ఒక్కటైనా నాలుగు కాళ్ళ మీద నిలబడిందా?"

"కుర్చీ వేరు, తుపాకీ వేరు. దీనికి కాళ్ళుండవు."

ఆ రాత్రి చర్చిలో వేటగాళ్ళ విందు. బల్లలు సర్దడానికి మార్లిస్ వెళ్ళిపోయింది. వెర్నన్ ఇనుప భాగాలన్నీ విప్పి గరాజ్‌లో జాగ్రత్తగా పరిచాడు. మిగిలిన చెక్క తారు పూసినట్టు నల్లగా ఉంది. ఉప్పుకాగితంతో రుద్దితే రోజంతా పడుతుంది. అప్పుడు గోర్డీ మాట గుర్తొచ్చింది. ఊరి ఫైరింజన్ మీద జీతం లేకుండా పనిచేసే వాళ్ళలో వీళ్ళిద్దరూ ఉన్నారు. "డిష్‌వాషర్‌లో పెట్టరా, పాతదంతా కక్కేస్తుంది. ఊళ్ళో సగం మంది చేసేది అదే. పెళ్ళాలకు చెప్పరంతే" అని గోర్డీ ఒకసారి అన్నాడు.

మాట నిజమే. చెక్క తన రంగంతా కక్కింది. విందు కోసం కడగడానికి మార్లిస్ పై అరలో పెట్టిన చర్చి కాఫీ కప్పులు దాన్ని తాగాయి. వెర్నన్ వాటిని పెట్టెలో బోర్లించి సర్దేశాడు. బోర్లిస్తే లోపలి రంగు కనబడదు.

చెక్క మీద అక్కడక్కడా సొట్టలున్నాయి. తడిగుడ్డ పరిచి మార్లిస్ ఇస్త్రీ పెట్టెతో నొక్కాడు. ఆవిరికి సొట్టలు పొంగి సమమయ్యాయి. ఇస్త్రీ పెట్టె అడుగు మాత్రం మాడిన అట్టులా తయారైంది. దాన్ని గోడ వైపు తిప్పి పెట్టాడు. ఇక ఆరబెట్టడమే మిగిలింది. ఓవెన్ కొంచెం వేడిచేసి, ఆపేసి, చెక్కను అందులో ఐమూలగా పట్టించి తలుపు మూశాడు. మిగతాదంతా రంగు పనే అనుకుంటూ, ఈల వేసుకుంటూ గరాజ్‌కు వెళ్ళాడు.

మార్లిస్ తిరిగొచ్చి, మాంసం, బంగాళాదుంపలు పళ్ళెంలో పొరలుగా పేర్చి, ఓవెన్ మీట తిప్పింది. తలుపు తెరిచి చూడలేదు. ఎవరు మాత్రం చూస్తారు? ఓవెన్ వేడెక్కేలోగా తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, రాత్రి విందుకు రా. అందరూ నిన్నే అడుగుతున్నారు."

"అడగనీ."

"వెర్నన్ అమ్మ రైఫిల్ బాగుచేస్తున్నాడు."

"బాగుచేయడమేమిటి?"

"రంగు వేస్తాడట."

"ఏం రంగు?"

"ఏమో, అడిగి... అయ్యో నాన్నా, ఓవెన్‌లోంచి పొగ!"

ఫోన్ పెట్టేసి ఆమె అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేసింది. గరాజ్‌లో వెర్నన్ నడుముకున్న పేజర్ మోగి, నిప్పంటుకున్న ఇంటి అడ్రసు చదివింది. అది మోగితే వెర్నన్ కాళ్ళు ముందు పరిగెడతాయి, చెవులు తర్వాత వింటాయి. ఆ సంగతి ఊళ్ళో అందరూ మెచ్చుకునేవారు. అతను ఎగిరి బండెక్కి కేంద్రానికి దూసుకుపోయాడు. వెనక వంటింటి కిటికీలోంచి పొగ వస్తూనే ఉంది. అతను రోడ్డు వైపు మాత్రమే చూశాడు. ఫైరింజన్ ఊరి నడుమకు వచ్చాక, హెల్మెట్ బిగించుకుంటూ అడిగాడు.

"ఎవరిల్లురా?"

గోర్డీ స్టీరింగ్ వదలకుండా అతని వైపు చూశాడు. "పేజర్ వినలేదా?"

"సగం విన్నాను."

"మిగతా సగం నీ ఇంటి అడ్రసే."

వాళ్ళు చేరేసరికి మంట ఆరిపోయింది. పక్క పొలంలోంచి ఐనార్ ఇంటి చెప్పులతోనే మంచులో పరిగెత్తుకొచ్చి, తడి గోనెతో చెక్కను బయటికి లాగి మంచుకుప్పలో గుచ్చారు. ఉడకని వంటకం పట్టుకుని మార్లిస్ గుమ్మంలో నిలబడి ఉంది.

"మామయ్యా, నేను చెప్తాను..." అన్నాడు వెర్నన్.

"నేను డిష్‌వాషర్ వరకే చెప్పాను" అన్నాడు గోర్డీ, ఎవరూ అడక్కుండానే.

"డిష్‌వాషరా?" అని మార్లిస్ లోపలికి పరిగెత్తింది. వంటింట్లో కప్పుల చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ రాలేదు. వెర్నన్‌కు దానికే ఎక్కువ భయం వేసింది.

ఐనార్ చెక్కను బయటికి తీసి చొక్కా చేతితో తుడిచారు. భుజానికి ఆనించే మడమ దగ్గర అరచేతి మేర బొగ్గైంది. మిగతాదంతా తేనె రంగు అక్రోటు చెక్క. దాని మీద చారలు నీళ్ళలా పారుతున్నాయి. ఆయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశారు. ఇక ఈ జన్మకు మామగారు అడవి వైపు రారని వెర్నన్ ఆశ వదులుకున్నాడు.

"ఆ నల్లరంగు వేసింది నేనే" అన్నారు ఐనార్. "పెళ్ళైన ఏడాది, తను పుట్టింటికి వెళ్ళినప్పుడు. కొట్టానికి వేయగా మిగిలిన రంగు. తనకి బహుమతి అనుకున్నాను."

"అత్తయ్య ఏమంది?"

"బాగుందంది." ఆయన బొగ్గును బొటనవేలితో రాల్చారు. "ఆ తర్వాత ప్రతి ఏడూ మంచె మీద కూచుని అడిగేది, దీని అసలు రంగు గుర్తుందా అని. ఉందనేవాణ్ణి. నిజానికి లేదు."

వెర్నన్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రంగు డబ్బా తెరిచావా అల్లుడూ?"

"తెరిచాను."

"మూసెయ్. అవిసె నూనె రుద్దు, చాలు. శనివారం పొద్దున్నే దానితో పనుంది నాకు."

శనివారం ఆయన చీకటితోనే మంచె ఎక్కారు. పొగ వాసన కొట్టే తుపాకీ దరిదాపులకు ఏ జింకా రాదని ఊళ్ళో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. పొద్దు గుంకేదాకా ఒక్కటీ రాలేదు.

ఆదివారం కూడా వెళ్ళారు.