మొహం తిప్పుకున్న సీతాకోకచిలుక

హంగేరీలోని సెంతెంద్రె ఊళ్ళో పాత పింగాణీ అమ్మే వెండెల్ ఆ ఉదయం వేసుకున్న లెక్క చిన్నదే. చలికాలపు కట్టెల కోసం దాచిన డబ్బంతా పెట్టి కొన్న భరిణెను శనివారంలోగా అమ్మాలి, ఆ వచ్చిన దానితో కట్టెలు దింపించాలి. అరచేతిలో ఇమిడే భరిణె. మూత మీద చేత్తో వేసిన సీతాకోకచిలుక. మూత మీద గీసిన పూలతీగ, కింది గిన్నె మీది తీగ కలిసేలా రోజూ సాయంత్రం అతనే సర్ది వెళ్ళేవాడు. పొద్దున వచ్చేసరికి మూత తిరిగిపోయి సీతాకోకచిలుక గోడవైపు ఉండేది.

మూడో ఉదయం భరిణెను తిరగేసి చూశాడు. అడుగున చిత్రకారిణి ఇంటిపేరు, పేర్ల మొదటి అక్షరాలు, కె.ఐ. అని సన్నటి కుంచెగీతలు ఉన్నాయి. వేసినావిడ పోయి ఎన్నాళ్ళయిందో. బేరం నచ్చక ఆమె ఆత్మే మూత తిప్పుతోందనుకున్నాడు. ఎల్లుండే మృతుల దినం, ఊరంతా సమాధుల దగ్గరికి వెళ్ళే రోజు. సమాధి మీద ఒక కొవ్వొత్తి పెడితే సరిపోతుంది. భార్య ఎతెల్కాకు చెబితే హడలిపోతుందని చెప్పలేదు.

తీరా శ్మశానంలో ఆ అక్షరాలున్న ఆడవాళ్ళు ఐదుగురు తేలారు. ఎవరినో ఒకరిని ఎంచుకుని నష్టపోవడం కంటే ఐదు కొవ్వొత్తులే చవక. నాలుగో సమాధి దగ్గర చామంతులతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

"మా ఇలోనాకు నువ్వేమవుతావయ్యా?"

దెయ్యం మాట చెప్పుకోలేక, వెండెల్ తడబడ్డాడు. "ఆవిడ భరిణె ఒకటి నా దగ్గరుందండి."

గాస్పార్ అనే ఆ ముసలాయన చామంతులు సమాధి మీద పెట్టి అతని వెనకే నడిచాడు. చుట్టూ సమాధుల దగ్గరున్న ఊరంతా ఆ నడకను చూసింది. వాళ్ళిద్దరూ చేరేసరికే కబురు అంది, ఎతెల్కా కొట్టు గుమ్మంలో నిలబడి ఉంది.

ఇక దాచి లాభం లేక, రాత్రిళ్ళు మూత తిరుగుతోందని, అది దెయ్యం పనేనని వెండెల్ కక్కేశాడు. ఎతెల్కా నిట్టూర్చింది.

"తిప్పింది నేనే. మూత అంచున గోరంత పెచ్చు ఊడింది, అది కనబడకూడదని. కళ్ళజోడు లేకుండా కొన్నావు, బాధపడతావని చెప్పలేదు."

గాస్పార్ నమ్మలేదు. "మొగుణ్ణి వెనకేసుకొస్తున్నావమ్మా," అని భరిణె తిరగేసి అక్షరాలను వేలితో తడిమాడు. "నలభై ఏళ్ళు పట్నం ట్రాములో టిక్కెట్లు కొట్టింది. బొమ్మలేస్తుందని నాకు ఒక్కనాడూ చెప్పలేదు."

ఆ అక్షరాలున్నవాళ్ళు ఐదుగురని వెండెల్ చెప్పబోయాడు. ముసలాయన అప్పటికే లక్షా ఎనభై వేల ఫోరింట్లు బల్ల మీద పెట్టాడు, బేరమాడకుండా. వెండెల్ నోరు మూసుకున్నాడు.

మర్నాడు బండిలోంచి కట్టెలు దింపుతుండగా గాస్పార్ మళ్ళీ వచ్చాడు. డబ్బు వెనక్కి అడుగుతాడని వెండెల్ కట్టెలకు అడ్డంగా నిలబడ్డాడు. ముసలాయన టోపీ తీసి, దాదాపు సిగ్గుపడుతూ చెప్పాడు.

"తీగలు కలిపి కిటికీ పక్కన పెట్టాను. పొద్దున చూస్తే సీతాకోకచిలుక గోడవైపు తిరిగుంది. అలిగితే మా ఇలోనా అచ్చం అలాగే పడుకునేది."

వెండెల్ మెల్లగా భార్యవైపు చూశాడు. ఎతెల్కా నిన్న సాయంత్రం నుంచి ఇంటి గుమ్మం దాటలేదు.