జవళగేరకు రాని విమానం

మే నెల. కాలువ కట్టేశారు. రెండో పంట కోతలయిపోయి కన్నడ సీమలో, సింధనూరు దగ్గరి జవళగేర పొలాలు వరి కొయ్యకాళ్ళతో ఖాళీగా పడి ఉన్నాయి. ఆ మంగళవారం ఉదయం కోటయ్యగారింట్లో అనుకున్న పని చాలా చిన్నది. పది గంటలకు మనవరాలు దేవిక మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంటుంది. ఆ ఇంట్లో ఫోను సిగ్నలు నిలకడగా దొరికేది అక్కడే. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు ఫోనులో చూస్తూ ఆమెను ఇంటర్వ్యూ చేస్తారు. ఆ అరగంటా ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు, కుక్కరు పెట్టకూడదు, తాతయ్య దగ్గకూడదు.

దేవిక బెంగళూరులో డిగ్రీ చదివి, రెండేళ్ళు విమానాశ్రయంలో పనిచేసింది. ఇప్పుడు విమానయాన విద్యలో ఎమ్మెస్సీ చేస్తానని ఆ ఉద్యోగం మానుకుని వచ్చింది. కిందటేడు సీటు అందినట్టే అంది తప్పిపోయింది. ఈసారీ తప్పితే ఏం చెయ్యాలో ఆమె ఆలోచించుకోలేదు. ఆలోచించడానికి భయం వేసింది.

నానమ్మ బుల్లెమ్మకు ఆ చదువేమిటో నెల రోజులుగా కొరుకుడు పడలేదు.

"విమానం నడుపుతావా?"

"కాదు నానమ్మా."

"పోనీ, బాగుచేస్తావా?"

"అదీ కాదు. నడిపేవాళ్ళకీ, బాగుచేసేవాళ్ళకీ, కింద పనిచేసేవాళ్ళకీ ఎవరో ఒకరు పాఠం చెప్పాలి కదా. ఆ పాఠం ఎలా తయారుచెయ్యాలి, ఎలా చెప్పాలి అన్నది చదువుతాను. తర్వాత శిక్షణ కేంద్రాల్లో, భద్రత చూసే విభాగాల్లో, కాలేజీల్లో ఉద్యోగాలుంటాయి."

"అంటే పంతులమ్మవి. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అంది బుల్లెమ్మ.

కోటయ్యకు మాత్రం అందులో విమానం అన్న మాట ఒక్కటే వినిపించింది. ఇక్కడికి భూముల కోసం రాకముందు, పాలకొల్లు దగ్గర సొంతూళ్ళో, పదిహేడేళ్ళ వయసులో ఆయన విమానానికి జెండా ఊపాడు. ఆ ఏడు వరికి తెగులు తగిలితే మందు చల్లడానికి ప్రభుత్వం చిన్న విమానం పంపింది. ఎక్కడ చల్లాలో పైవాడికి తెలియాలంటే కింద ఒకడు తెల్లజెండా పట్టుకుని నిలబడాలి. ఆ ఒకడు కోటయ్య. విమానం తాటిచెట్టంత ఎత్తున నెత్తిమీదుగా వెళ్ళడం, చేల మీద దాని నీడ పరుగెత్తడం, లోపలివాడు ఒక్కసారి చెయ్యెత్తడం, ఇవన్నీ చెప్తుంటే ఇప్పటికీ ఆయన గొంతు పదిహేడేళ్ళదైపోతుంది. చిన్నప్పుడు దేవిక అన్నం తిన్నది ఆ కథ వింటూనే.

ఇంట్లో ఉంటే దగ్గు వస్తుందని భయపడి, కోటయ్య ఎనిమిదికే ఇస్త్రీ పంచె కట్టుకుని కనకప్ప టీకొట్టుకు వెళ్ళాడు.

"ఏంది కోటయ్యన్నా, గింత పొద్దుగాల్నే తెల్లగ తయారైనవ్?" అన్నాడు కనకప్ప.

"మా దేవికని చూడ్డానికి పదింటికి విమానాల వాళ్ళు వస్తన్నారు. మా మేడమీదికే."

"మేడమీదికా?"

"మరి? కింద అందదుగా."

అందనిది సిగ్నలు. ఆ మాట చెప్పకుండానే కోటయ్య టీ తాగి, దగ్గు మాత్రల కోసం మందుల షాపు వైపు నడిచాడు.

కనకప్ప గ్లాసు కడుగుతూ ఆలోచించాడు. పిల్లను చూడ్డానికి వస్తున్నారంటే పెండ్లిచూపులు. మేడమీదికి వస్తున్నారంటే ఆకాశంలోంచి. పక్కనే ట్రాక్టరు దిగుతున్న సూగురేశ్‌ను పిలిచాడు.

"కోటయ్యన్న మన్మరాలికి పెండ్లికొడుకు ఇమానంల వస్తున్నడంట!"

"హౌదా! మేడమీద దిగితే మేడ నిలుస్తదా? వెనక పొలంల దించాలె. దుమ్ము లేస్తది, నీళ్ళు కొట్టాలె."

సూగురేశ్ మాట మీద నిలబడే మనిషి. అరగంటలో ట్యాంకరు తెచ్చి కోటయ్య పొలమంతా తడిపేశాడు. తడిపిన పొలం చూసి మేళం దొడ్డప్ప ఎందుకని అడిగాడు. విని, పెండ్లికొడుకు దిగుతుంటే డోలు లేకపోవడం ఊరికి పరువు తక్కువని ఇంటికి పరుగెత్తాడు. తొమ్మిదిన్నరకు గట్టు మీద రెండొందల మంది జనం ఉన్నారు.

మాత్రలు కొనుక్కుని తిరిగివస్తున్న కోటయ్య ఆ జనాన్ని చూసి ఆగాడు.

"ఏంటయ్యా ఇదంతా?"

"నీకు తెల్వదా? నీ పొలంల ఇమానం దిగుతున్నది!"

తన మాటే తన దగ్గరికి తిరిగి వచ్చిందని ఆయనకు తట్టలేదు. మొదట నవ్వాడు. తర్వాత తడిసిన నేలను చూశాడు, ఆకాశాన్ని చూశాడు. పిల్ల తనను ఆశ్చర్యపెట్టాలని దాచిందేమో అనుకున్నాడు. దడిలోంచి ఒక వెదురుకర్ర లాగి, భుజం మీది తెల్లతువ్వాలు దానికి కట్టి, పొలం మధ్యకు నడిచాడు. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆయన కాళ్ళకు ఎక్కడ నిలబడాలో గుర్తుంది.

మేడమీద ఇంటర్వ్యూ మొదలైంది. ముగ్గురు ఆచార్యుల్లో పెద్దావిడ మాధవీలత మొదటి ప్రశ్న ఇంగ్లీషులో అడిగింది. "ఈ చదువే ఎందుకు?"

దేవిక బట్టీపట్టిన జవాబు ఎత్తుకుంది. రెండో వాక్యంలో దొడ్డప్ప డోలు మోగింది. ఉలిక్కిపడి పిట్టగోడ మీంచి చూసింది. చేతిలో ఫోనూ అటే తిరిగింది. రెండొందల మంది, ట్యాంకరు, డోలు, నడుమ జెండా ఊపుతున్న తాతయ్య. అన్నీ హైదరాబాదులో కనిపించాయి.

"అమ్మాయ్, అక్కడ విమానం దిగుతోందా?" అని మాధవీలత ఈసారి తెలుగులోనే అడిగింది.

"లేదండీ."

"ఆ సంగతి వాళ్ళకి తెలుసా?"

"తెలిసినట్టు లేదండీ."

"అయితే వెళ్ళి చెప్పిరా. మేం ఉంటాం."

సీటు పోయిందనే అనుకుంది దేవిక. కన్నీళ్ళు మింగుతూ కిందికి పరుగెత్తి, ఫోను బుల్లెమ్మ చేతికిచ్చి, "ఇలాగే పట్టుకో, కట్ చెయ్యకు," అని పొలంలోకి వెళ్ళింది.

"ఏ విమానమూ రావట్లేదు! నాకు ఫోనులో ఇంటర్వ్యూ, అంతే!"

డోలు ఆగింది. "మరి పెండ్లికొడుకు?" అన్నాడు కనకప్ప నీరసంగా.

కోటయ్య మాత్రం జెండా దించలేదు. దించితే అందరూ తనను చూస్తారని ఆయనకు తెలుసు. ఆయన ముఖం చూసి దేవిక కోపం కరిగిపోయింది.

"తాతయ్యా, అప్పుడు కూడా ఇలాగే నిలబడ్డావా?"

"ఆ. అదిగో అటునుంచి వచ్చేవాడు. వాడు దాటాక పది అడుగులు పక్కకి జరగాలి."

"మరి మందు ఎక్కడ పడేది?"

కోటయ్య అప్పుడు జెండా దించాడు.

"నా మీదే పడేది. ఎనిమిది రోజులు కళ్ళు తెరవలేకపోయానమ్మా. ఆ ముక్క నీకెప్పుడూ చెప్పలేదు. కథ పాడైపోతుందని."

"గాలి ఎటుందో చూసుకోమని ఎవరూ చెప్పలేదా?"

"ఎవరు చెప్తారు? పైలటుకి చెప్పుంటారు. నా చేతికి జెండా ఇచ్చారు."

దేవిక ఫోను, సీటు, బట్టీపట్టిన జవాబు అన్నీ మరిచిపోయింది. గట్టు మీంచి గుప్పెడు ఎండుపొట్టు తీసి గాల్లోకి విసిరింది. అది తూర్పుకు కొట్టుకుపోయింది. సూగురేశ్‌ను విమానంగా చేతులు చాపి పరుగెత్తమంది. తాతయ్యను పడమటి గట్టుకు జరిపింది. మందు ఎంత దూరం వస్తుందో, ఎవరు ఎక్కడుంటే వాళ్ళ మీద పడుతుందో జనాన్ని నిలబెట్టి చూపించింది. ఇప్పుడు మందు చల్లే డ్రోన్లు వచ్చాయి కదా, వాటికీ ఇదే లెక్క అని గుర్తుచేసింది. కనకప్ప మూడు ప్రశ్నలడిగాడు. దొడ్డప్ప తప్పు గట్టు మీద ఉన్నానని తనే తెలుసుకుని డోలుతో సహా ఇటు వచ్చాడు.

పావుగంట తర్వాత దేవికకు ఫోను గుర్తొచ్చింది. ఆమె వెనకాలే వచ్చిన బుల్లెమ్మ, ఆరుబయట సిగ్నలు అందుతున్న పక్క గట్టు మీద దాన్ని రెండు చేతులా హారతిపళ్ళెంలా పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

"క్షమించండి మేడమ్, మీ మొదటి ప్రశ్నకి జవాబు..."

"చెప్పేశావుగా," అంది మాధవీలత.

వారం తర్వాత సీటు ఇచ్చినట్టు ఉత్తరం వచ్చింది. దాంతోపాటు ఇంకొకటి కోటయ్య పేర వచ్చింది. నేల మీది సంజ్ఞల గురించి కొత్త విద్యార్థులకు మొదటి పాఠం ఆయనే చెప్పాలట, కళ్ళు తెరవలేని ఆ ఎనిమిది రోజులతో సహా. కోటయ్య దాన్ని దేవిక చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఐదోసారి ఆయనే కళ్ళు తుడుచుకుని, కూడబలుక్కుంటూ చదివాడు.

జూలైలో, జవళగేర నుంచి విమానయాన పాఠం చెప్పడానికి వెళ్ళిన మొట్టమొదటి అధ్యాపకుడు, సింధనూరు బస్టాండులో హైదరాబాదు బస్సు కిటికీ సీటు కోసం కండక్టరుతో పోట్లాడాడు.