తొమ్మిది మూరల ఇల్లు

తిరుమలగిరి సాలెవాడలో లక్ష్మీనర్సయ్య ఇల్లు అన్నిటికంటే చిన్నది. పొడవు తొమ్మిది మూరలు, వెడల్పు ఆరు. అందులో సగం మగ్గం. మిగిలిన సగంలో పొయ్యి, కుండలు, దేవుడి పటం, లక్ష్మీనర్సయ్య, అతని భార్య యాదమ్మ, పెళ్ళీడుకు వచ్చిన కొడుకు వెంకటరాజం. పంపకాలప్పుడు అన్నలు గదులు తీసుకుని, దూడను కట్టేసే జాగా ఇతనికి వదిలారు. అన్నలంటే అంతే.

అయినా ఆ ఇంటిని చూసి నేర్చుకోవలసింది చాలా ఉండేది. మగ్గం గుంటలో కూర్చున్న లక్ష్మీనర్సయ్య లేవకుండానే ఎడమ చేత్తో పొయ్యిలో కట్టె ఎగదోసేవాడు, కుడి చేత్తో నీళ్ళు ముంచుకునేవాడు, తలుపు గొళ్ళేనికి కట్టిన తాడు లాగి వచ్చినవాళ్ళను లోపలికి పిలిచేవాడు. వస్తువు కనపడలేదన్న మాట ఆ ఇంట్లో పుట్టలేదు. పోవడానికి దానికి చోటు ఉండాలి కదా. యాదమ్మ చీపురు పట్టుకుని ఒక్క చుట్టు తిరిగితే ఊడ్వడం అయిపోయేది. అలిగి పక్క గదిలో పడుకునే వీలు లేదు కనుక మొగుడూ పెళ్ళాల తగువు అన్నం ఉడికేలోపే తేలిపోయేది. పెద్ద ఇళ్ళలో తగువులు ఏళ్ళ తరబడి బతుకుతాయి. వాటికి గదులుంటాయి.

లోటు ఒక్కటే. పిల్లనిచ్చేవాళ్ళకు ఆ ఇల్లు నచ్చేది కాదు. కిందటేడు నార్కట్‌పల్లి నుంచి వచ్చిన పెద్దమనిషి నట్టింట్లో నిలబడి, "ఇల్లేది?" అన్నాడు. "గిదే" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "గిది సరే. ఇల్లేది?" అన్నాడు ఆయన మళ్ళీ. ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే పోయాడు. ఆ మాట సంత సంతకూ తిరిగింది. ఇప్పుడు కేతేపల్లి ఐలేశం తన బిడ్డ జానమ్మను ఇస్తానని, ముందు ఇల్లు చూసుకుంటానని కబురు పంపాడు. ఇది కూడా తప్పితే వెంకటరాజం బ్రహ్మచారిగా మిగిలేటట్టే ఉన్నాడు.

నయా పైసలు కొత్తగా చేతుల్లోకి వస్తున్న రోజులు. మిరుగం కార్తె తొలివాన ఇంకా పడలేదు. చుట్టాలు వచ్చే రోజు పొద్దున్నే తండ్రీ కొడుకులు వీధిలో రెండు గుంజల మధ్య నిలువు పోగుల పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వారు. మధ్యాహ్నానికి ఆరిపోతుంది. వీధిలో పడుగు ఉంటే చేతిలో పని ఉన్నట్టు, వచ్చేవాళ్ళకు అది కనపడాలని లక్ష్మీనర్సయ్య ఆలోచన. యాదమ్మ ఆలోచన వేరు. ఆమె పక్కింటి సావిత్రమ్మ అరుగు వైపు చూస్తోంది. ఆరు టేకు స్తంభాల అరుగు. సావిత్రమ్మ ఇంటికి తాళం వేసుకుని, నల్లగొండలో బట్టల కొట్టు నడిపే మొగుడు ఎల్లస్వామి దగ్గరికి పోయింది.

"ఏందయ్యా, చుట్టాలను గా అరుగు మీద కూసోవెడుదాం" అంది.

"ఎవలిదని అడిగితే?"

"అడిగితే గదా. మనదని మనం అనం. కాదని మాత్రం ఎందుకనాలె?"

ఈ మాటలో అబద్ధం ఎక్కడుందో లక్ష్మీనర్సయ్యకు దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదని కాదు.

ఐలేశం, అతని తల్లి గుర్వమ్మ బస్సు దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఐలేశం కూడా మగ్గం నేసే మనిషే. ముందు వీధిలో పడుగు చూసి తల ఊపాడు. తరువాత స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"టేకు గదా బావా?"

"టేకే" అన్నాడు లక్ష్మీనర్సయ్య. నిజమే చెప్పాడు. స్తంభాలు టేకువే.

గుర్వమ్మకు స్తంభాలతో పని లేదు. "అరుగు మంచిగనే ఉన్నది. నడువు బిడ్డా, లోపట జూస్తం" అని యాదమ్మతో అంది.

తలుపుకు పిడికెడంత తాళం వేలాడుతోంది. యాదమ్మ దాన్ని అప్పుడే చూసినట్టు చూసింది. "తాళంచెవి మా ఆడబిడ్డ తీస్కపోయింది, అత్తా."

"ఆడబిడ్డ ఇంట్లనే ఉంటదా?"

"ఉంటది."

"మిమ్ముల బయటవెట్టి తాళమేస్కపోయిందా?"

"ఆమెకు జర భయమెక్కువ."

"మరి రాత్రి యాడ పండిండ్రు?"

యాదమ్మ తన ఇంటి వైపు చేయి చూపింది. "గా మగ్గం ఇంట్ల."

ఐలేశం కళ్ళు పెద్దవయ్యాయి. "మగ్గానికే ఒక ఇల్లు గట్టినవా బావా? మా ఊర్లె మనుషులకే దిక్కులేదు."

లక్ష్మీనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. మంచి మాట ఎవరికైనా తీపే. అబద్ధం ఒక మెట్టు ఎక్కాక దిగడం ఎవరికీ చేతకాదు.

సరిగ్గా అప్పుడే చేతిలో మూట పట్టుకుని సావిత్రమ్మ వీధి మలుపు తిరిగింది. వెనక గదులు రెండూ కిరాయికి ఇస్తానని నల్లగొండలో కనపడిన వాళ్ళందరికీ చెప్పి వచ్చిన మనిషి. తన అరుగు మీద కొత్తవాళ్ళు స్తంభాలు తట్టి చూస్తుంటే ఆమెకు ఇంకో అనుమానం ఎందుకు వస్తుంది?

"వచ్చిండ్రా? ఎవలన్న వస్తరనే జల్ది వచ్చిన" అంటూ మూట దించకుండానే మొదలుపెట్టింది. "ముందే చెప్తున్న, తర్వాత మాటొద్దు. రెండర్రలిస్త. ముందటర్ర నాది. బాయి నీళ్ళు నేను తోడుకున్నంకనే మీరు. దీపం జల్ది ఆర్పాలె. పిల్లలేడిస్తె నాకు పడది."

"పిల్లలేడిస్తె పడదా?" అంది గుర్వమ్మ.

"పడది. ఎవలకు పడతది?"

తాళంచెవి తీసుకుపోయిన ఆడబిడ్డ ఈమేనని గుర్వమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు. వెనక నిలబడిన యాదమ్మ సావిత్రమ్మకు చేతులతో సైగలు చేసింది. సావిత్రమ్మకు సైగలు నచ్చవు.

"యాదమ్మా, నువ్వు జర ఆగు. నా ఇంటి సంగతి నేను మాట్లాడుకుంట. నడుమ నీకేం పని?"

గుర్వమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది. "లేరా ఐలేశం. బస్సు దొరుకుతదో లేదో."

ఐలేశం కూడా లేచి కండువా దులుపుకున్నాడు. "ఏమనుకోకు బావా. నీ అక్క మంచిదే గావచ్చు. రేపు నా బిడ్డకు పిల్లలు వుడితె వాళ్ళ నోట్లె గుడ్డలు గుక్కలేను."

లక్ష్మీనర్సయ్య వాళ్ళ వెనకే రెండడుగులు వేశాడు. ఆమె అక్క కాదంటే ఇల్లు పోతుంది. అక్క అంటే పిల్ల పోతుంది. గుంజ దగ్గర నిలబడిన వెంకటరాజం తన పెళ్ళి వీధి చివరి దాకా నడిచిపోతుంటే చూస్తూ ఉన్నాడు.

అప్పుడు వాన పడింది. ముందు గాలి, వెంటనే బొట్లు.

గంజి పట్టించిన పడుగు మీద వాన పడితే పోగుకు పోగు అతుక్కుని తాడయిపోతుంది. నెల రోజుల అన్నం అది. అలాంటప్పుడు దారిన పోయే ఏ సాలె మనిషైనా వచ్చి ఒక అంచు పట్టాలి. పట్టనివాణ్ణి కులంలో పక్కన కూర్చోనివ్వరు. చుట్టమా, పగవాడా అన్నది తరువాతి సంగతి. ఐలేశం కొత్త ధోతి మోకాళ్ళ పైకి ఎగగట్టి ఒక్క దూకులో గుంజ దగ్గర ఉన్నాడు. గుర్వమ్మ నడుము నొప్పి మరిచిపోయింది. సావిత్రమ్మ చేతిలో మూట బురదలో పడేసి పడుగు నడుమ పట్టుకుంది.

"అరుగు మీదికి" అన్నాడు ఐలేశం.

అరుగు మీద వాన అడ్డంగా కొడుతోంది. ఇంటి తలుపుకు తాళం, తాళంచెవి మూటలో, మూట బురదలో.

"మా ఇంట్లకు" అన్నాడు లక్ష్మీనర్సయ్య. మా ఇల్లు అని ఆ రోజు అతను అనడం అదే మొదలు.

ఆరుగురూ పడుగుతో సహా తొమ్మిది మూరల ఇంట్లో పట్టారు. ఎలా పట్టారని అడగవద్దు. చిన్న ఇల్లు మనసు పెడితే అందరికీ చోటిస్తుంది. తడి పడుగు బిగువు సడలకూడదు, మడతకు మడత తగలకూడదు. అందుకని మనుషులే గుంజలయ్యారు. ఐలేశం వెనక గోడకు ఆనుకుని ఒక కొస పట్టాడు. వెంకటరాజం తలుపు దగ్గర రెండో కొస. నడుమ మడతలు కుండల మధ్య ఇరుక్కున్న సావిత్రమ్మ భుజం మీద, లక్ష్మీనర్సయ్య మోచేతుల మీద, మగ్గం గుంటలోకి కాళ్ళు జారవిడిచి కూర్చున్న గుర్వమ్మ రెండు చేతుల మీద ఉన్నాయి. యాదమ్మ ఒక మడత పట్టుకునే, కాలి బొటనవేలితో పొయ్యిలో కట్టె ఎగదోసింది. కాసేపటికే ఇల్లంతా వెచ్చబడింది. ఆరు స్తంభాల ఇంట్లో అయితే నాలుగు పొయ్యిలు వెలిగించినా ఆ వేడి రాదు.

గంజి ఆరేదాకా ఎవరూ కదలడానికి లేదు. గుర్వమ్మ కొడుకు వైపు తల వంచి గుసగుసగా అంది: "ఆ ఆడబిడ్డను జూస్తెనే నాకు గుండె దడ."

అది ఇంట్లో ఉన్న అందరికీ వినపడింది.

"ఎవల ఆడబిడ్డ?" అంది సావిత్రమ్మ పడుగు కిందినుంచి. "నేనెవలకు ఆడబిడ్డను? కిరాయికొచ్చినోళ్ళు నాకు వరుసలు గలుపుతుండ్రేంది?"

"కిరాయేంది? మేం పిల్లనియ్య వచ్చినం" అంది గుర్వమ్మ.

"నాకు కొడుకులే లేరు గదా, ఎవలకిస్తరు?"

సంబంధాలు చెడేది పక్క గదుల్లో. ఇటువాళ్ళు ఒక గదిలో గుసగుసలాడతారు, అటువాళ్ళు ఇంకో గదిలో. బయటికి వచ్చేసరికి అందరి మొహాలూ మారిపోతాయి. ఇక్కడ పక్క గది లేదు. అన్న మాట అక్కడే పడింది, పడ్డ మాట అక్కడే తేలింది. రెండు నిమిషాల్లో అరుగు ఎవరిదో, తాళం ఎవరిదో, ఎవరు ఎవరికి ఏమీ కారో అందరికీ తెలిసిపోయింది.

లక్ష్మీనర్సయ్య తల దించుకుందామనుకున్నాడు. దించితే గడ్డం పడుగుకు తగులుతుంది.

"బావా" అన్నాడు ఐలేశం, "గీ పడుగు గిక్కడ ఇడిశిపెట్టి పోవాలనున్నది నాకు."

"పోతె పో బావా. నాదే తప్పు."

"ఎట్ల పోత? గంజి ఆరలే."

గుర్వమ్మ దగ్గింది. "జర మంచినీళ్ళు" అంది. వెంకటరాజం పడుగు కొసను ఒక చేతికి మార్చుకుని, ఉన్నచోటి నుంచే కుండలో చెంబు ముంచి ఆమె నోటికి అందించాడు. ఒక్క అడుగు వేయలేదు. ఒక్క పోగు కదలలేదు. ఆమె తాగి, పైకప్పు చూసింది, పొయ్యి చూసింది, కుర్రాణ్ణి చూసింది.

"మా ఇంట్ల నాలుగర్రలున్నయి" అంది. "నేను నీళ్ళడిగితె కోడలు ఇనది. ఎందుకినలేదంటె, లోపటి అర్రల ఉన్న అంటది. అర్రకొక సాకు. గీ ఇంట్ల ఇనలేదని ఎవలన్న అనగలుగుతరా?"

"అబద్ధమాడిండ్రు గదనే అమ్మా" అన్నాడు ఐలేశం.

"ఆడిండ్రు. గా ఇంటి ముందట ఆడిండ్రు. గీ ఇంట్లకు అడుగువెట్టంగనే అది సచ్చింది. అబద్ధం దాసుకునే జాగ యాడుందిరా గీడ? నా మనుమరాలు గీ ఇంట్లనే బతుకుతది."

ఐలేశం పడుగు మీద వేలు పెట్టి చూశాడు. ఆరింది. ఎక్కడా పోగు అతుక్కోలేదు. నేతగాడు అంతకు మించి ఇంటికి పరీక్ష పెట్టడు. "గట్లనే కానియ్యి" అన్నాడు.

యాదమ్మ కళ్ళు తుడుచుకుంది. లక్ష్మీనర్సయ్యకు ధైర్యం వచ్చింది. "ఇంక ఫికర్ లేదత్తా. గీ ఇల్లు ఇడిశి మేం యాడికి పోతం? నా కోడలును నడుమల వెట్టుకొని సూస్కుంటం."

"నిన్నెవలు ఉండమన్నరు?" అంది గుర్వమ్మ. "నా మనుమరాలు, నీ కొడుకు ఉంటరు. గీ ఇంట్ల రెండు జంటలెట్ల పంటరయ్యా?"

అందరూ ఇల్లంతా చూశారు. చూడడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆ ఇల్లు ఎన్ని చేయగలదో అంతా చేసింది. ఇది మాత్రం దానివల్ల కాదు. తరువాత అందరూ ఒకేసారి సావిత్రమ్మ వైపు తిరిగారు. ఆమె భుజం మీది పడుగును మడత చెదరకుండా దించింది.

"రెండర్రలున్నయి" అంది. "బాయి సంగతి చెప్పిన గదా."

పెళ్ళయింది. జానమ్మ తొమ్మిది మూరల ఇంట్లో అడుగు పెట్టింది. ఆ ఇంట్లో నవ్వితే వీధి చివరికి వినపడేది. పొద్దంతా తండ్రీ కొడుకులు అదే మగ్గం మీద వంతులు వేసుకుని నేసేవాళ్ళు. పొద్దుగూకాక లక్ష్మీనర్సయ్య, యాదమ్మ ఆరు స్తంభాల ఇంటికి పోయేవాళ్ళు. గాలి బాగా వస్తుందని అతను వెనక గదుల్లో మొదటిదానిలో, పొయ్యికి దగ్గరని ఆమె రెండోదానిలో పడుకోవడం అలవాటయింది. వాళ్ళకు కలిసివచ్చిందని ఊరంతా అంది.

రెండు గదుల మధ్య గోడ మూరెడు మందం; ఒకరి దగ్గు ఒకరికి వినపడదు.