మాస్టారి మురికి

ఆ శనివారం పొద్దున్న హెడ్విగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త గాజు తొట్టి కడగాలి. భోజనంవేళకల్లా అందులో చేపలు వేయాలి. ఆ తర్వాత ఆదివారం కాఫీకి ప్లమ్ పళ్ళ కేకు చేయాలి. ఎస్లింగెన్ పట్టణంలోని ఆ వీధిలో హెడ్విగ్ రీబర్ అనుకున్న పని అనుకున్న వేళకు కాకపోవడం ఎవరూ ఎరగరు.

చేపలు ఆమె భర్తవి. అల్విన్ రీబర్ ఊళ్ళో బడిలో సైన్సు మాస్టారు. చేపల తొట్టి ఆయన తరగతి కిటికీ పక్కన ఉండేది. వసంతకాలంలో ఆయన పోయాడు. శరత్కాలానికి ఆ పాత తొట్టి అతుకులు కూడా వదిలేశాయి. బడివాళ్ళు చేపల్ని మూత ఉన్న బకెట్లో పెట్టి, ఫిల్టరుతో సహా ఆమెకు పంపించారు. నీలిగీతల చిన్నచేపలు కొన్ని, అడుగున తిరిగే మీసాల చేప ఒకటి. ఆ మీసాల చేపకు పిల్లలు హెడ్మాస్టరు అని పేరు పెట్టారు. అది ఏ పనీ చేయదు, కానీ అది వస్తే అందరూ పక్కకి తప్పుకుంటారు.

అల్విన్ పోయిన మూడోరోజున హెడ్విగ్ అతని కోటు ఉతికింది. ఇస్త్రీ చేసి బీరువాలో తగిలించింది. ఆ తర్వాత ఒకసారి దాంట్లో ముఖం పెట్టి చూసింది. సబ్బు వాసన తప్ప మరేమీ రాలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చేపల వంతు వచ్చింది. గులకరాళ్ళను బియ్యం కడిగినట్టు కడిగి, మరిగే నీళ్ళు పోసి, మళ్ళీ కడిగింది. ఫిల్టరు విప్పితే లోపల స్పాంజి నల్లగా, జిగటగా, చెరువు అడుగు బురదలా ఉంది. "అల్విన్, ఇన్నేళ్ళూ నీ నిర్వాకం ఇదా?" అని నిట్టూర్చింది. దాన్ని పాత పేపర్లో రెండు చుట్లు చుట్టి, ఏ చెత్తడబ్బాలో వేయాలో కాసేపు ఆలోచించి, వేసేసింది. దాని చోట తెల్లటి కొత్త స్పాంజి పెట్టింది. సాయంత్రానికి తొట్టి నగల దుకాణం అద్దంలా మెరిసింది.

మర్నాడు ఆడపడుచు ఇర్మెలా కాఫీకి వచ్చి, కోటు విప్పకుండానే తొట్టి ముందు నిలబడింది. అన్నగారి చేపలు తన ఇంటికి రావాలని ఆమెకు మొదటినుంచీ ఉంది.

"బాగానే ఉంది వదినా. నీ చేతిలో పడితే ఏదైనా మెరుస్తుంది. బతకడం వేరే సంగతి."

"బతుకుతాయి."

"చూద్దాం. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను. ఒక్కటి తగ్గినా మిగతావి మా ఇంటికే. మా అన్న చేపలవి, ఏదో ఒక ఇంట్లో బతకాలి కదా."

హెడ్విగ్ నవ్వుతూ ఆమె పళ్ళెంలో ఇంకో ముక్క కేకు పెట్టింది. తొట్టి వైపు చూడలేదు.

మంగళవారానికి నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. హెడ్విగ్‌కు ఒకటే మందు తెలుసు. నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళు తీసి, మొత్తం మళ్ళీ కడిగింది. గురువారానికి నీళ్ళు ఇంకా తెల్లబడ్డాయి. చిన్నచేపలన్నీ పైకి చేరి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ఎన్నడూ అడుగు వదలని హెడ్మాస్టరు కూడా పైకి వచ్చాడు. హెడ్మాస్టరు తన గది వదిలి బయటికి వచ్చాడంటే బడికి నిప్పంటుకున్నట్టే.

శుక్రవారం పొద్దున్న ఒక చిన్నచేప పక్కకి ఒరిగి తేలుతూ కనబడింది. హెడ్విగ్ దాన్ని చెంచాతో తీసింది. బాల్కనీలో జెరానియం కుండీలో దాన్ని పాతిపెట్టి, జామ్ సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని, పెంపుడు చేపల దుకాణానికి దాదాపు పరుగెత్తింది.

దుకాణదారు ఆ నీళ్ళలో ఏవో చుక్కలు వేశాడు. నీళ్ళు ముదురు ఆకుపచ్చగా మారాయి.

"తొట్టి పెట్టి ఎన్నాళ్ళయింది?"

"వారం కాలేదు."

"చేపల్ని ఎప్పుడు వేశారు?"

"అదే రోజు."

అతను కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. వసంతకాలంలో ఆస్పత్రి డాక్టరు కూడా మాట్లాడేముందు ఇలాగే కళ్ళజోడు తీశాడు. హెడ్విగ్ బల్ల అంచు పట్టుకుంది.

"మీ నీళ్ళకి రోగమేమిటో తెలుసా అమ్మా? మరీ శుభ్రంగా ఉన్నాయి."

"శుభ్రం రోగమా?"

"చేప అన్నాక ఉచ్చ పోస్తుంది కదా. అది అమోనియా, విషం. అది ఉంటే ఈ చుక్కలకి నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి, లేకపోతే పసుపే. దాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో కాపురం పెడతాయి. నల్లగా, జిగటగా ఉంటుంది చూడండీ, అదే వాటి ఊరు. ఆ ఊరు కట్టడానికి వారాలు పడుతుంది. ముందు ఊరు కట్టి, తర్వాత చేపల్ని పిలవాలి. మీరు ముందే పిలిచేశారు. పాత స్పాంజి ఏమైంది?"

"పారేశాను."

అతను తల అడ్డంగా ఊపి, సీసాకు మూత బిగించాడు. హెడ్విగ్‌కు తిట్టినా బాగుండుననిపించింది.

"ఇప్పుడేం చేయను?"

"రోజూ కాసిని నీళ్ళు తీసి కాసిని కొత్తవి పోయండి. మొత్తం కాదు, దయచేసి మొత్తం కాదు. తిండి చిటికెడు. అన్నిటికంటే ముందు ఎవరింట్లోనైనా పాత తొట్టి ఉంటే, వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా సరే కాస్త మురికి తెచ్చుకోండి."

"మీ దగ్గర లేదా?"

"మా చేపలకి తెల్లమచ్చ తెగులు. మా మురికి మీకు పనికిరాదు."

బతుకులో మొదటిసారి హెడ్విగ్ మురికి దొరకలేదన్న దిగులుతో ఒక దుకాణంలోంచి బయటికి వచ్చింది.

ఆమెకు తెలిసి పాత తొట్టి ఉన్నది ఒక్కరి దగ్గరే. పై అంతస్తు యోడోక్ దగ్గర. యాభై దాటిన బ్రహ్మచారి, అకార్డియన్ వాద్యాలు బాగుచేస్తాడు. వీధిలోంచి చూస్తే అతని కిటికీలో తొట్టి పాచిపట్టిన కొలనులా పచ్చగా వెలుగుతుంది. ఆ భవనంలో మెట్లు ఊడ్చి తుడిచే వంతు వారానికొకరిది. ఎవరి వంతైతే వాళ్ళ తలుపు పిడికి చెక్కపలక వేలాడుతుంది. పలక యోడోక్ తలుపుకు ఎక్కిన వారం మెట్లు అంతకుముందుకంటే మురికిగా తయారయ్యేవి. "నీళ్ళు చల్లి వదిలేస్తే తుడిచినట్టా?" అని హెడ్విగ్ ఎన్నిసార్లు నిలదీసిందో లెక్కలేదు. చివరికి అతను ఆమె తలుపు ముందునుంచి వెళ్ళేటప్పుడు బూట్లు విప్పి చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు.

ఆమె ఇంటికి వచ్చేసరికి అతను కింద ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్నాడు. బతిమాలాలని దారంతా మాటలు కూర్చుకుంది. నోరు తెరిచేసరికి పాత గొంతే వచ్చింది.

"యోడోక్ గారూ! రేపు పొద్దున్న మీ ఇంటికి వస్తున్నాను."

అతని చేతిలోని రొట్టెల సంచి జారింది. "ఎ... ఎందుకమ్మగారూ?"

"మీ చేపల తొట్టి చూడాలి. మురికి సంగతి మాట్లాడాలి."

"ఎంత... ఎంత మురికి గురించండీ?"

"ఎంతుంటే అంత."

అతను రొట్టెలు ఏరుకోకుండానే రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళిపోయాడు. ఇంత సులువుగా ఒప్పుకున్నందుకు హెడ్విగ్‌కు ఆశ్చర్యమేసింది. రొట్టెలు ఏరి, దులిపి, అతని తలుపు ముందు పెట్టి వచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా పైనుంచి చప్పుళ్ళు. బల్లలు జరుగుతున్నాయి. చీపురు, కుంచె, మళ్ళీ చీపురు. ఆ భవనం నియమాల ప్రకారం అది అందరూ నిశ్శబ్దంగా ఉండాల్సిన వేళ. ఇంకోరోజైతే హెడ్విగ్ పైకి వెళ్ళేది. ఇప్పుడు ఆమె మగ్గుతో తొట్టి నీళ్ళు తీస్తూ, "మొత్తానికి మనిషవుతున్నాడు," అనుకుంది. కాని గోడలోని గొట్టంలో నీళ్ళు దిగుతూనే ఉన్నాయి. ఎంతకీ ఆగవు. మగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్ని నీళ్ళతో ఏం కడుగుతున్నాడు? "ఛ, యోడోక్ ఒక్కపూటలో ఏం కడగగలడు," అని సర్దిచెప్పుకుంది. ఆ రోజు ఆమె ముద్ద మింగలేదు.

శనివారం పొద్దున్న శుభ్రమైన ఖాళీ సీసా మీద తెల్లటి గుడ్డ కప్పి పైకి వెళ్ళింది. గంట కొట్టకముందే తలుపు తెరుచుకుంది. యోడోక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. గదిలో అకార్డియన్లన్నీ ప్రార్థనకు వచ్చిన పిల్లల్లా ఎత్తువారీగా నిలబడి ఉన్నాయి. కిటికీ దగ్గర చేపల తొట్టి మెరుస్తోంది. దానిగుండా వెనక గోడమీది మేకు కూడా కనబడుతోంది.

"చూడండమ్మగారూ," అన్నాడు యోడోక్. "ఎక్కడైనా ఒక్క మరక చూపించండి."

"కడిగేశావా?" హెడ్విగ్ మర్యాద మరిచిపోయింది.

"రాళ్ళతో సహా! ఇంటి యజమానితో చెప్పకండమ్మగారూ, ఈ వయసులో ఇల్లు ఎక్కడ వెతుక్కోను?"

"ఎవరు కడగమన్నారు నిన్ను?"

"మీరే కదండీ. ఇన్నేళ్ళుగా."

"నేను మురికి కోసం వచ్చాను!"

"అదేనండీ, లేదు కదా!"

"లేకపోతే ఎలా? నాకు కావాలి!"

యోడోక్ ఆమె ముఖం చూశాడు. సీసా చూశాడు. సీసా మీది గుడ్డ చూశాడు. మాస్టారు పోయాక ఆమె ఒంటరిగా ఉంటోందని గుర్తొచ్చి, అతని భయం వేరే దారి పట్టింది. మెల్లగా కుర్చీ జరిపాడు.

"కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగుతారా? మీవాళ్ళెవరికైనా ఫోన్ చేయనా?"

"ఫిల్టరులో స్పాంజి ఏది?"

"తెల్లగా ఉంది చూడండి. కొత్తది."

"పాతది?"

"లేదు," అన్నాడు. కాస్త తొందరగా అన్నాడు.

హెడ్విగ్ కూర్చుంది. అంత్యక్రియల రోజున ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కప్పులు సరిపోతాయో లేదో చూసుకోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు ఖాళీ సీసా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"అవి ఆయన చేపలు," అంది. "ఒకటి అప్పుడే చచ్చిపోయింది. మిగతావి ఊపిరాడక నోళ్ళు తెరుస్తున్నాయి. రేపు ఇర్మెలా వచ్చి బతికున్నవాటిని పట్టుకుపోతుంది. నేనే వాటిని కడిగి కడిగి చంపుతున్నాను."

తిట్లు తినడం యోడోక్‌కు అలవాటే. కన్నీళ్ళు అలవాటు లేదు. గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి, చివరికి స్నానాలగదిలోంచి ఒక బకెట్ మోసుకొచ్చాడు. పైన తువ్వాలు కప్పి ఉంది. అంచునుంచి సన్నటి గాలి గొట్టం లోపలికి దిగి బుడబుడమంటోంది.

"కోప్పడకండి. మీకు కనబడకూడదని దాచాను. అన్నీ కడిగాను గాని దీన్ని కడగలేకపోయాను. కడగనని మాస్టారికి మాటిచ్చాను."

"ఏ మాస్టారికి?"

"మన మాస్టారికే. బళ్ళో తొట్టిలోంచి తీసి, కత్తెరతో కోసి సగం నాకిచ్చారు. దీన్ని చేపల నీళ్ళలోనే పిండు, కుళాయి కింద మాత్రం పెట్టకు అన్నారు. ఇంకోటి కూడా అన్నారు." యోడోక్ నేల చూశాడు. "మా ఆవిడ కంట పడనివ్వకు అన్నారు."

"ఎందుకట?"

"ప్రేమగా కడిగేస్తుంది అన్నారండీ."

హెడ్విగ్ తువ్వాలు తీసింది. నల్లటి స్పాంజి, బురద నీళ్ళు. వంగి వాసన చూసింది. తడిమట్టి, పాచి. ప్రతి శుక్రవారం సాయంత్రం అల్విన్ చొక్కా చేతులనుంచి వచ్చే వాసన. "ముందు చేతులు కడుక్కో" అని గుమ్మంలోనే ఆపేసేది. ఆమె చాలాసేపు తల ఎత్తలేదు.

"అమ్మగారూ," అన్నాడు యోడోక్, తొట్టి వైపు చూపిస్తూ. "నావి కూడా..."

మెరుస్తున్న తొట్టిలో అతని చేపలు ఒక్కొక్కటీ పైకి చేరి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి.

"కత్తెర," అంది హెడ్విగ్.

సగానికి సరిగ్గా కోసింది. నల్లనీళ్ళు ఆమె స్కర్టు మీద పడ్డాయి. తుడుచుకోలేదు. ఒక సగం అతని ఫిల్టరులోకి వెళ్ళింది. రెండో సగాన్ని సీసాలో పెట్టుకుని, మూత పెట్టడం మరిచి, మెట్ల పొడుగునా నల్లటి చుక్కలు కారుస్తూ కిందికి పరుగెత్తింది.

ఆదివారం ఇర్మెలా ఆ చుక్కలు దాటుకుంటూ వచ్చింది. తొట్టిలో నీళ్ళు ఇంకా మసకగానే ఉన్నాయి. ఫిల్టరులో నల్లటి ముద్ద.

"ఛీ, ఏమిటొదినా ఇది? ఈ ఇంట్లోనా?" అని చేతిరుమాలు తీసి గాజు తుడవబోయింది.

"ముట్టుకోకు!"

ఇర్మెలా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. హెడ్విగ్ మెల్లగా చెప్పింది. "ఒకటి పోయింది. నేనే పోగొట్టాను. మిగతావి పట్టుకెళ్తానంటే పట్టుకెళ్ళు. కానీ ఈ స్పాంజితో సహా పట్టుకెళ్ళాలి. ఇది మీ అన్నది. ఎప్పుడూ కడగకూడదు."

ఇర్మెలా వంగి చూసింది. చిన్నచేపలు ఇంకా పైపైనే ఉన్నాయి. హెడ్మాస్టరు మాత్రం అడుక్కి దిగి, ఏ పనీ చేయకుండా కూర్చున్నాడు. ఆమె చాలాసేపు అతన్నే చూసి, చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుని, సంచిలో పెట్టేసుకుంది.

"ఇక్కడే ఉండనీలే వదినా. మా ఇల్లు మరీ శుభ్రం."

తర్వాత వారాలపాటు హెడ్విగ్ రోజూ పొద్దున్నే భయపడుతూ లేచింది, భయపడుతూ తొట్టి దగ్గరికి వెళ్ళింది, సీసాలో నీళ్ళు పట్టుకుని దుకాణానికి నడిచింది. ఒకరోజు చుక్కలు వేసినా నీళ్ళు పసుపుగానే ఉండిపోయాయి. దుకాణదారు ఈసారి కళ్ళజోడు తీయలేదు.

ఆ శనివారం మెట్ల వంతు పలక యోడోక్ తలుపుకు మారాలి. హెడ్విగ్ పలక పట్టుకుని పైకి వెళ్ళేసరికి అతను చేపలకు తిండి వేస్తున్నాడు. అతని తొట్టి అప్పుడే మళ్ళీ పచ్చబడుతోంది.

"అమ్మగారూ," అన్నాడు ధైర్యం తెచ్చుకుని. "ప్రాణం మురికిలోనే ఉంటుందని తేలింది కదా. మరి ఈ వారం మెట్లు అలాగే వదిలేస్తే..."

హెడ్విగ్ పలకను అతని తలుపు పిడికి తగిలించి, వంకర లేకుండా సరిచేసింది.

"మెట్లమీద చేపల్లేవుగా," అంది.