పౌలు అరవై మూడు అప్పులు

రాష్ట్రంలో ఇకమీదట అప్పులవాళ్లు తలుపు తట్టే చప్పుడు వినిపించదని రుణ సర్దుబాటు శాఖ మంత్రిగారు ఎమ్మిగనూరు బహిరంగ సభలో ప్రకటించారు. బాకీలున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే చాలు, ఇరవై ఒక్క రోజుల్లో ఇచ్చినవాళ్లనూ పుచ్చుకున్నవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి సర్దుబాటు ఉత్తర్వు చేతిలో పెడతామన్నారు. ఆలోగా ఎవరూ ఎవరికీ పైసా కట్టకూడదు. ఒకరికి కట్టి ఇంకొకరికి ఎగ్గొట్టడం సమన్యాయానికి విరుద్ధం. అప్పులవాళ్లు ఇంటికొస్తే మర్యాదగా కూర్చోబెట్టి అందరినీ ఒకేలా చూడాలి. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. పైసా కట్టకూడదన్న ప్రభుత్వాజ్ఞను పాటించే శక్తి తమకు పుష్కలంగా ఉందని వాళ్లకు తెలుసు.

ఆ సభకు జనాన్ని ఆటోలో తోలిన పౌలు కూడా చప్పట్లు కొట్టాడు. తోలిన బాడుగ పార్టీవాళ్లు ఇంకా ఇవ్వలేదు. అది బాకీ కిందికి రాదట, సేవ కిందికి వస్తుందట.

పౌలు పదకొండేళ్లుగా ఆదోని-ఎమ్మిగనూరు రోడ్డు మీద ఆటో నడుపుతున్నాడు. అతనికి అప్పులు రెండే. తండ్రి ఆపరేషన్‌కి ఆదోని పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య దగ్గర తెచ్చింది ఒకటి. ఇంద్రసేనయ్య చాలా ఓర్పు గల మనిషి, ఆ ఓర్పుకి నూటికి మూడు రూపాయలు తీసుకుంటాడు. రెండోది ఆటో మీద ఫైనాన్సు. మూడు కంతులు తప్పాయి. నాలుగోది కూడా తప్పితే బండి పట్టుకుపోతానని ఏజెంటు రవికుమార్ నవ్వుతూనే చెప్పి వెళ్లాడు. ఆటో పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కాబట్టి మంత్రిగారు ప్రసాదించిన ఇరవై ఒక్క రోజులు పౌలుకి దేవుడిచ్చినట్టే అనిపించాయి.

దరఖాస్తులో ఏడో గడి అసలైనది. ఎవరెవరికి ఏమేమి తిరిగి ఇవ్వవలసి ఉన్నదో దాచకుండా రాయాలి, దాస్తే దరఖాస్తు రద్దు. పౌలు రెండు పేర్లు రాసి సంతకం పెట్టబోయాడు. అతని భార్య ప్రమీల చేయి పట్టుకుని ఆపింది. ప్రమీల ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, అబద్ధానికి అల్లంత దూరంలో ఉంటుంది. ట్రంకు పెట్టె తీసి చదివింపుల పుస్తకం బయట పెట్టింది. వాళ్ల పెళ్లికీ, కొత్తింటి ప్రార్థనకీ ఎవరెవరు ఏం చదివించారో అందులో ఉంది. వాళ్లు నూటపదహార్లు చదివిస్తే, వాళ్లింట్లో కార్యమైనప్పుడు పైన పదో పరకో కలిపి మనం చదివించాలి. అలా తిరిగి చదివించాల్సినవి ఇంకా అరవై ఒకటి ఉన్నాయి.

"ఇవి కూడా అప్పులేనా ఏంది?" అన్నాడు పౌలు.

"తిరిగియ్యాల్సిందైతే అప్పు కాక ఇంకేంది? దాస్తే రద్దంట. రాయి."

రాశాడు. కాగితం చాలక వెనక ఇంకో రెండు కాగితాలు కుట్టారు.

ఆదోనిలో సర్దుబాటు ప్రత్యేకాధికారి శశికాంత్ ఆ దరఖాస్తు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా వచ్చిన దరఖాస్తుల్లో మనిషికి మహా అయితే నలుగురు రుణదాతలు. ఇక్కడ ఒకే మనిషికి అరవై ముగ్గురు. అధికారి పౌలు చేయి పట్టుకుని ఊపి, మీరే మా పైలట్ ప్రాజెక్టు అని, టీ తెప్పించాడు. జీవితంలో మొదటిసారి పౌలు తన అప్పులకు తాను గర్వపడ్డాడు.

మూడోరోజుకల్లా అరవై ముగ్గురికీ నోటీసులు వెళ్లాయి. పౌలును బాకీ కోసం వేధించినచో చట్టరీత్యా చర్య తీసుకోబడును. అందరికంటే ముందు దేవనకొండ నుంచి మేనమామ పెద్దయ్య నోటీసు మడిచి జేబులో పెట్టుకుని దిగాడు.

"ఏం రా పౌలూ, నేనెప్పుడన్నా నీ ఇంటి ముందర కూసోని స్టీలు బిందె తిరిగియ్యమని అడిగినానా?"

"దాసొద్దన్నారు మామా. నువ్వు ఇచ్చింది లేదని ఎట్ల రాసేది?"

పెద్దయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. అందరినీ ఒకేలా చూడాలి కనుక ప్రమీల అందరికీ టీ పెట్టింది. ఇంద్రసేనయ్య గుమాస్తా కూడా వచ్చాడు. ఆయన ఆ ఇంటి గ్లాసు ముట్టడు, సమన్యాయాన్ని గౌరవించి కాగితం కప్పులో తాగాడు. పాలు పోసే సుంకులమ్మ మాత్రం ఉద్దెర బంద్ చేసింది. అరవై నాలుగో అప్పు తనది కాకూడదట, రొక్కమిస్తేనే పాలట.

నాలుగో కంతు తప్పిన రోజు రవికుమార్ బండి తాళం కోసం వచ్చాడు. అరుగు నిండా జనం. ఎవరని అడిగితే అందరూ అప్పులవాళ్లేనని చెప్పి, వరుసలో చివర కూర్చోమన్నారు. రవికుమార్ కాసేపు కూర్చున్నాడు, టీ తాగాడు, తన ట్యాబ్‌లో ఏదో రాసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి పౌలు ఏడాది తర్వాత హాయిగా నిద్రపోయాడు. చుట్టాలు ఇంతమంది ఉన్నందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు కూడా.

ఇరవై ఒకటోరోజున ఆదోని మార్కెట్ యార్డులో షామియానా వేశారు. మంత్రిగారే స్వయంగా వచ్చారు. చుట్టాలను పౌలు తన ఆటోలోనే ఏడు ట్రిప్పుల్లో తెచ్చి దింపాడు. అప్పటికి ఊళ్లో ఒక మాట పాకిపోయింది. అప్పులిచ్చేంత స్తోమత ఉన్నవాళ్లకు తెల్లకార్డు ఎందుకని సర్కారు రేషన్ కార్డులు తీసేస్తుందట, అందుకే రుణదాతల పేర్లు రాసుకుంటున్నారట. చుట్టాలెవరూ పౌలు కళ్లలోకి చూడలేదు.

శశికాంత్ మైకులో నిబంధన చదివాడు. రుణదాతల్లో నూటికి డెబ్బై అయిదుగురు మాఫీకి ఒప్పుకుంటే సర్దుబాటు నెగ్గినట్టే. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తాలి. ఆయన మాట పూర్తికాకముందే అరవై ఒక్క చేతులు లేచాయి. పెద్దయ్య రెండు చేతులూ ఎత్తాడు. ఇంద్రసేనయ్య గుమాస్తా, రవికుమార్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇంతటి త్యాగం తన రాజకీయ జీవితంలో చూడలేదన్నారు. అరవై ఒక్కమందికీ శాలువాలు కప్పి, తమకూ పౌలుకూ ఇకమీదట ఇచ్చిపుచ్చుకునేది ఏదీ లేదని సంతకాలు తీసుకున్నారు. అందరూ వేలిముద్రతో సహా పెట్టారు.

పౌలుకి ఉత్తర్వు అందింది. ఒప్పుకున్నవారి బాకీలు రద్దు. ఒప్పుకోనివారివి యథాతథం. సర్దుబాటు సంపూర్ణమైనందున వేచి ఉండు గడువు ఈ క్షణంతో ముగిసినది.

చదవడం అయిందా అని రవికుమార్ మర్యాదగా అడిగాడు. అయిందన్నాక చేయి చాపాడు. ఒక్క కంతన్నా ఇప్పుడే కడితే వారం ఆగుతానన్నాడు. తొమ్మిది వేలు.

ప్రమీల చుట్టూ చూసింది. అరవై ఒక్కమంది ఉన్నారు. తలా నూటయాభై చదివిస్తే సరిపోతుంది, అంతకంటే ఎక్కువే ఎన్నోసార్లు చదివించారు. పెద్దయ్య దగ్గరికి పోయి, వచ్చే వారం పాప అశ్వినికి ఓణీల ఫంక్షన్ పెట్టుకుంటాం, చదివించేది కాస్త ముందే ఇయ్యండి అని మెల్లగా అడిగింది.

పెద్దయ్య శాలువా అంచు వేళ్లతో నలిపాడు. ముసలాయనకు నిజంగానే బాధేసింది.

"ఇచ్చిపుచ్చుకునేది లేదని ఇప్పుడే గదమ్మా సంతకం పెట్టినా. నీకు రూపాయి ఇచ్చినానని తెలిస్తే నా రేషన్ కారడు పోతాది."

మిగతావాళ్లు బస్సు వేళైందని కదిలారు. పౌలు తాళం తీసి రవికుమార్ చేతిలో పెట్టాడు. అప్పుడే శశికాంత్ పరుగెత్తుకొచ్చి, మంత్రిగారు ఫొటోకి పిలుస్తున్నారని అతన్ని వేదిక మీదికి లాక్కుపోయాడు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో పెద్దక్షరాలతో వచ్చింది. ఆటో డ్రైవర్‌కు తొంభై ఏడు శాతం అప్పుల నుంచి విముక్తి. కింద ఫొటోలో మంత్రిగారు, మెడలో దండతో పౌలు, ఇద్దరూ ఉత్తర్వు పట్టుకుని స్పష్టంగా ఉన్నారు. వెనకాల యార్డు గేటు దాటుతున్న ఆటో కూడా పడింది. దాన్ని నడుపుతున్నది పౌలు కాదు.